కమారో బానెట్ కింద ఎల్ఎస్3: పెట్టెలో వచ్చేదెంత, మనం తెచ్చుకోవాల్సిందెంత

పాత షెవ్రొలే కమారో కారుకి కొత్త ఇంజిన్ వేసుకునేవాళ్ల కోసం ఆ కంపెనీ విభాగం షెవ్రొలే పర్ఫార్మెన్స్ ‘కనెక్ట్ అండ్ క్రూజ్’ పేరుతో ఇంజిన్, గేర్ బాక్స్, ఆ రెండిటి కంప్యూటర్లు, వైరింగు అన్నీ కలిపి ఒకే సెట్టుగా అమ్ముతుంది. అందులో మొదటి తరం కమారోకి (1967–69) చక్కగా కుదిరే జత 6.2 లీటర్ల ఎల్ఎస్3 ఇంజిన్, నాలుగు గేర్ల ఆటోమేటిక్ 4ఎల్70-ఇ. ముందే చెప్పేస్తున్నాను, ఈ సెట్టు కొనదగ్గదే. కొన్నవాళ్లు ఇబ్బంది పడేది పెట్టెలో ఉన్నవాటితో కాదు, లేనివాటితో. అసలు కంటే కొసరు ముద్దు అంటారు, ఈ పనిలో మాత్రం కొసరే అసలు. అందుకే ఈ సమీక్షలో సగానికి పైగా ఆ కొసరు గురించే.

ముందు ఇంజిన్ సంగతి. ఎల్ఎస్3 మొదట 2008 మోడల్ కార్వెట్‌లో వచ్చింది. బ్లాకు, హెడ్లు రెండూ అల్యూమినియమే. బోరు 4.065 అంగుళాలు, స్ట్రోకు 3.622, కంప్రెషన్ 10.7:1. పవర్ 430 హార్స్‌పవర్, టార్కు 425 పౌండ్-అడుగులు. 1969 కమారో స్పోర్ట్స్ రకం ఎస్ఎస్‌లో వచ్చిన 350 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్‌కి కంపెనీ చెప్పిన లెక్క 300 హార్స్‌పవర్. అది కూడా పాత ‘గ్రాస్’ లెక్క, అంటే ఫ్యాను, సైలెన్సర్ లాంటివి తగిలించకుండా స్టాండు మీద కొలిచినది. కాబట్టి రోడ్డు మీద తేడా కాగితం మీది తేడా కంటే పెద్దది. పాత ఇనుప స్మాల్ బ్లాకుతో పోలిస్తే ముందు చక్రాల మీద సుమారు 150 పౌండ్ల బరువు తగ్గుతుంది. పాత స్ప్రింగులు అలాగే ఉంచితే కారు ముక్కు పైకి లేచి నిలబడుతుంది. స్ప్రింగు మార్చాలో, కోయాలో ఇంజిన్ కూర్చున్నాకే తేల్చుకోండి.

ఇదే ఇంజిన్‌కి హాట్ క్యామ్ (వాల్వుల్ని ఎక్కువగా తెరిచే షాఫ్టు) వేసి 495 హార్స్‌పవర్‌తో అమ్మేది ఎల్ఎస్376/480. ధరలో తేడా చిన్నదే కాబట్టి చెయ్యి అటే పోతుంది. రోజూ తిప్పే బండికి మాత్రం నేను 430దే తీసుకోమంటాను. హాట్ క్యామ్‌తో ఐడిల్‌లో వాక్యూమ్ తగ్గుతుంది, దాంతో ఆ వాక్యూమ్ మీదే పనిచేసే బ్రేక్ బూస్టర్ బలహీనపడుతుంది. టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్ బాక్స్‌కి అందించేది) కూడా ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గర పట్టేది కావాలి, దానితోపాటు గేరు ఆయిల్ వేడి పెరుగుతుంది. ఏసీ వేసి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు 430ది నున్నగా ఉంటుంది. పెద్దదాని మోత వినడానికి బాగుంటుంది కానీ, ఆ మోత కోసం కట్టే మూల్యం ఇదంతా.

పాత బండ్ల యార్డులో ట్రక్కు ఇంజిన్ తెచ్చుకుంటే సగానికి సగం మిగులుతుందనేది నిజమే. అయితే ఆ ఇంజిన్ క్రాంకు సెన్సారు చక్రానికి 24 పళ్లా, 58 పళ్లా అన్నదాన్ని బట్టి కంప్యూటర్ మారుతుంది. పాత కంప్యూటర్లో దొంగతనం నిరోధించే తాళం తీయించాలి, వైరింగు కుదించాలి, ట్యూనింగ్ చేయించాలి. ఈ సెట్టులో ఇంజిన్ కంప్యూటర్, గేర్ బాక్స్ కంప్యూటర్ రెండూ ఒకదానికొకటి కుదిర్చి వస్తాయి. యాక్సిలరేటర్ పెడల్, ఆక్సిజన్ సెన్సార్లు, గాలి కొలిచే మాఫ్ సెన్సారు కూడా ఉంటాయి. డబ్బు పెట్టాల్సింది ఈ కుదుర్పు కోసమే. పెడల్ మాత్రం ఆ కంప్యూటర్‌కి సరిపడిందే వాడాలి. పాత కేబుల్ పెడల్‌నో, ఇంకో బండి ఎలక్ట్రానిక్ పెడల్‌నో తగిలిస్తే థ్రాటిల్ తెరుచుకోదు, ఇంజిన్ లింప్ మోడ్‌లోకి, అంటే తక్కువ పవర్‌తో ఈడ్చే స్థితిలోకి పోతుంది.

ఇక కొసరు. మొట్టమొదట చూడాల్సింది ఆయిల్ పాన్, మన మెకానిక్కులు చాంబర్ అనేది. ఆధునిక బండి కోసం చేసిన చాంబర్ పాత సబ్‌ఫ్రేమ్ (ముందు సగం చట్రం) అడ్డపట్టీకీ, స్టీరింగ్ సెంటర్ లింకుకీ తగులుతుంది. ఈ కార్ల కోసమే షెవ్రొలే మాతృసంస్థ జీఎం మజిల్ కార్ పాన్ అమ్ముతుంది, హోలీ కంపెనీది కూడా దొరుకుతుంది. ఏది తీసుకున్నా చాంబరుతో పాటు వచ్చే పికప్ ట్యూబు (ఆయిల్ పీల్చే గొట్టం), విండేజ్ ట్రే (క్రాంకు కింద ఆయిల్ చిమ్మకుండా ఆపే రేకు), డిప్‌స్టిక్కు అన్నీ ఆ సెట్టువే వాడాలి. పాత డిప్‌స్టిక్కుతో కొత్త చాంబర్లో మట్టం చూస్తే అది చెప్పేది అబద్ధమే.

పికప్ ట్యూబు ఆయిల్ పంపులోకి దూరే చోట ఒక చిన్న ఓ-రింగు ఉంటుంది. ఈ పనిలో కొత్త ఇంజిన్ని పాడుచేసే భాగం ఏదైనా ఉందంటే అది ఇదే. ట్యూబుని పంపుకి పట్టి ఉంచేది ఒకే ఒక్క బోల్టు, అదీ ఒక పక్కన. బోల్టు బిగిస్తూ ట్యూబుని లోపలికి లాగితే ట్యూబు వాలుగా దూరి ఓ-రింగు ఒక అంచున నలుగుతుంది. అక్కడి నుంచి పంపు ఆయిల్‌తో పాటు గాలి కూడా పీలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ బాగానే కనిపిస్తుంది, వేడెక్కాక పడిపోతుంది, ట్యాపెట్లు టకటకమంటాయి. కాబట్టి కొత్త ఓ-రింగుకి ఆయిల్ రాసి, ట్యూబుని చేత్తో పూర్తిగా నెట్టి, అంచు పంపుకి ఆనిందని కంటితో చూశాకే బోల్టు వేయాలి. చాంబర్ బిగించేటప్పుడు ఇంకోటి చూసుకోవాలి: దాని వెనక ముఖం బ్లాకు వెనక ముఖంతో సమంగా ఉండాలి. స్టీలు స్కేలు ఆనించి చూడండి. ఎల్ఎస్ ఇంజిన్‌లో గేర్ బాక్స్ చాంబరుకి కూడా బిగుసుకుంటుంది. చాంబర్ వెనక్కి పొడుచుకుని ఉంటే ఆ బోల్టులు బిగించగానే అల్యూమినియం చెవి పగులుతుంది.

ఇంజిన్ బండిలోకి దించక ముందే గేజీల సెన్సార్లు పెట్టేయండి. ఆయిల్ ప్రెషర్ సెన్సారు ఉండేది ఇన్‌టేక్ వెనక, బ్లాకు పైన. మరలు ఎమ్16 × 1.5. ఇంజిన్ కూర్చున్నాక అక్కడికి చెయ్యి పోదు, ఫైర్‌వాల్ అడ్డం. పాత టెంపరేచర్ గేజీకి కుడి హెడ్డు వెనకవైపు మూసి ఉన్న రంధ్రం వాడుకోవచ్చు, అది ఎమ్12 × 1.5. పాత సెండర్లు అంగుళాల మరలవి కాబట్టి అడాప్టర్ తప్పదు.

ఇంజిన్ మౌంట్లకి అడాప్టర్ ప్లేట్లు రకరకాల కొలతల్లో వస్తాయి. కొన్ని ఇంజిన్ని వెనక్కి జరుపుతాయి, కొన్ని ముందుకి. మౌంట్లు ఒకరివి, హెడర్లు (ఎగ్జాస్టు గొట్టాలు) ఇంకొకరివి, గేర్ బాక్స్ క్రాస్‌మెంబర్ మూడోవాళ్లవి కొంటే విడివిడిగా అన్నీ మంచివే అయినా కలిపితే ఒకటికొకటి తగులుతాయి. ఎడమ హెడరు స్టీరింగ్ బాక్సుకి, కుడి హెడ్డు ఏసీ హీటర్ పెట్టెకి ఆనడం అలా వచ్చేవే. మౌంటు, చాంబర్, హెడర్, క్రాస్‌మెంబర్ ఈ నాలుగూ ఒకే కంపెనీవి, ఒకదానికొకటి సరిపడేలా చేసినవి తీసుకోండి. కొలతలు తీసే ముందు సబ్‌ఫ్రేమ్ బుష్‌లు చూడండి. ఈ కమారోలో ముందు సగం సబ్‌ఫ్రేమ్ బాడీకి బోల్టులతో తగిలించినదే. యాభై ఏళ్ల రబ్బరు చితికిపోయి ఉంటే ఈరోజు తీసుకున్న కొలత బుష్ మార్చాక ఉండదు.

గేర్ బాక్స్ దగ్గర పనిలో ఓపిక కావాలి. ఫ్లెక్స్‌ప్లేటు (క్రాంకు వెనక బిగించే పలుచని చక్రం) బోల్టులు మూడు విడతల్లో బిగించాలి: 15, 37, 74 పౌండ్-అడుగులు, మన లెక్కలో 20, 50, 100 న్యూటన్ మీటర్లు. ఆ తర్వాత టార్క్ కన్వర్టర్. కన్వర్టర్‌ని గేర్ బాక్స్‌లోకి తిప్పుతూ నెడుతుంటే ఒక్కో మెట్టు దిగుతుంది, చేతికి ‘టక్’మని తెలుస్తుంది. ఆఖరి మెట్టు పంపు గేరులోకి. అది దిగకుండానే బెల్ హౌసింగుని (గేర్ బాక్స్ ముందున్న గంట ఆకారపు తొడుగుని) ఇంజిన్‌కి తెచ్చి, మిగిలిన సందుని బోల్టులతో లాగేస్తే లోపల పంపు గేరు పగులుతుంది. సెల్ఫ్ కొట్టిన మొదటి నిమిషంలోనే కొత్త గేర్ బాక్స్ చచ్చిపోతుంది. పరీక్ష చాలా తేలిక. బెల్ హౌసింగ్ ఇంజిన్‌కి చేత్తో నెడితే పూర్తిగా ఆనాలి. ఆనాక కన్వర్టర్ చేత్తో స్వేచ్ఛగా తిరగాలి, దానికీ ఫ్లెక్స్‌ప్లేటుకీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు నుంచి పదహారింట మూడు వంతుల దాకా సందు ఉండాలి. కన్వర్టర్‌ని ముందుకి లాక్కొచ్చి బోల్టులు పెట్టుకునేది ఆ సందులోనే. సందు లేదంటే బోల్టు జోలికి పోకుండా గేర్ బాక్స్ దించండి.

4ఎల్70-ఇ అన్నది పాత 4ఎల్60-ఇ కుటుంబమే, లోపలి భాగాలు బలపరిచినది. నిష్పత్తులు 3.06, 1.63, 1.00, 0.70. కమారో టన్నెల్లో పెద్దగా కోతలు లేకుండా పడుతుంది. వెనక షాఫ్టు మీది గాడులు (స్ప్లైన్లు) 27, పాత ఆటోమేటిక్ గేర్ బాక్స్ టర్బో 350కి ఉన్నవే కాబట్టి ప్రొపెల్లర్ షాఫ్టుని తగిలించే యోక్ అదే దూరుతుంది. దీని శత్రువు వేడి. రేడియేటర్లోని కూలర్ ఒక్కటే సరిపోదు, బయట ఇంకో ప్లేటు కూలర్ పెట్టండి. ఆయిల్ డెక్స్‌రాన్-6. గేర్ బాక్స్ కంప్యూటర్లో టైరు వ్యాసం, వెనక హౌసింగ్ (డిఫరెన్షియల్) నిష్పత్తి సరిగ్గా నింపకపోతే గేర్లు ఎప్పుడు పడాలో అది తప్పుగా లెక్కేస్తుంది. చాలామంది గేర్ బాక్స్ లోపం అనుకునేది ఈ అంకెల లోపమే. పాత కన్సోల్ షిఫ్టరుకి ఓవర్‌డ్రైవ్ (నాలుగో గేరు) గేటు ఉండదు, డిటెంట్ ప్లేటు మార్చే కిట్టు కావాలి. పాత స్పీడోమీటర్ కేబుల్ పెట్టడానికి గేర్ బాక్స్‌కి చోటు లేదు. సిగ్నల్ని కేబుల్ తిప్పుడుగా మార్చే మోటారు డబ్బా దొరుకుతుంది. లేదంటే జీపీఎస్ మీటరు.

పెట్రోల్ సంగతి. ఎల్ఎస్3కి 58 పీఎస్ఐ ప్రెషర్ నిలకడగా కావాలి. పాత కార్బురేటర్ బండి పంపు ఇచ్చేది అందులో పదో వంతు. పాత ట్యాంకు అలాగే ఉంచి బయట ఎలక్ట్రిక్ పంపు తగిలించడం చవకైన దారి, నేను వద్దంటాను. ఆ ట్యాంకులో అడ్డగోడలు లేవు. ట్యాంకు సగం కంటే తగ్గాక మలుపు తిరిగితే పెట్రోల్ ఒక పక్కకి పోయి పంపు గాలి పీలుస్తుంది. బయటి పంపు మోత పెట్టి వేడెక్కి తొందరగా పోతుంది. కమారో కొలతల్లోనే, లోపల అడ్డగోడలు, గంటకి 255 లీటర్ల పంపు ఉన్న ఇంజెక్షన్ ట్యాంకులు దొరుకుతున్నాయి, వాటికే డబ్బు పెట్టండి. సెండరు 0–90 ఓమ్‌లది అడిగి తీసుకుంటే డాష్‌బోర్డులో పాత పెట్రోల్ ముల్లు సరిగ్గా పనిచేస్తుంది. రెగ్యులేటర్‌గా 1999–2003 కార్వెట్ ఫిల్టర్ చాలు. ఫిల్టరూ రెగ్యులేటరూ ఒకే డబ్బాలో ఉంటాయి, అమరిక 58 పీఎస్ఐకే. దాన్ని ట్యాంకు పక్కనే పెడితే రిటర్న్ లైను అక్కడికక్కడే ట్యాంకులోకి పోతుంది, ఇంజిన్ దాకా వెళ్లేది ఒక్క లైనే.

వైరింగు పెట్టెలోనే వస్తుంది, గుర్తులు రాసి ఉంటాయి. బయట నుంచి మనం ఇవ్వాల్సింది బ్యాటరీ, ఎర్త్, తాళంచెవి తిప్పితే వచ్చే కరెంటు. తప్పు జరిగేది ఈ మూడో దాని దగ్గరే. పాత కాయిల్‌కి వెళ్లే వైరు చేతికి దగ్గరలో ఉంటుంది కదా అని చాలామంది దాన్నే కలుపుతారు. అది మామూలు వైరు కాదు, కాయిల్ కాలిపోకుండా వోల్టేజీ తగ్గించడానికి కంపెనీ వేసిన నిరోధక వైరు. కంప్యూటర్‌కి 12 వోల్టులు అందక ఒకసారి స్టార్టవుతుంది, ఒకసారి కాదు. రేడియో వైరు లాంటివి కలిపితే ఇంకో తంటా: సెల్ఫ్ కొట్టేటప్పుడు వాటిలో కరెంటు ఆగిపోతుంది. ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, అంటుకోదు, చెవి వదిలిన క్షణంలో ఒక్క దగ్గు దగ్గుతుంది. ఫ్యూజు పెట్టెలో ఇగ్నిషన్ పాయింటుకి మీటరు పెట్టి, తాళం ఆన్‌లోనూ సెల్ఫ్‌లోనూ కూడా పూర్తి వోల్టేజీ ఉందని చూశాకే కలపండి. ఎర్త్ వైర్లు పెయింటు గీకిన చోట, నేరుగా ఇంజిన్‌కే బిగించాలి. ఇంజిన్ నుంచి ఫ్రేముకీ, బాడీకీ వేరే పట్టీలు. కొత్త ఆల్టర్నేటర్ కరెంటుని పాత సన్న తీగ మోయలేదు, బ్యాటరీకి నేరుగా మందపాటి కేబుల్, మధ్యలో పెద్ద ఫ్యూజు.

మాఫ్ సెన్సారు విషయంలో జీఎం కాగితాల్లో రాసింది అక్షరాలా పాటించండి: 4 అంగుళాల వ్యాసం గొట్టం, కనీసం 6 అంగుళాల తిన్నని పొడవు, సెన్సారు దాని మధ్యలో, థ్రాటిల్ నుంచి కనీసం 10 అంగుళాల దూరం. చోటు లేదని మలుపు దగ్గర పెడితే గాలి సుడి తిరిగి కొలత ఎగుడుదిగుడుగా వస్తుంది, ఐడిల్ ఊగుతుంది.

రేడియేటర్ కొనేటప్పుడు ఎల్ఎస్ స్వాప్‌కి (ఇంజిన్ మార్పిడికి) చేసినది అని అడగండి, రెండు గొట్టాలూ ఒకే వైపు, పైది అంగుళంపావు, కిందది అంగుళంన్నర. ఎల్ఎస్ హెడ్ల ముందు నుంచి వచ్చే సన్న స్టీమ్ లైను ఉంటుంది. పాత ఇంజిన్లలో అలాంటిది లేదు కాబట్టి కొందరు దానికి బిరడా కొట్టేస్తారు. హెడ్డులో చేరిన గాలి, ఆవిరి బయటికి పోయే దారి అదొక్కటే. మూస్తే గేజీ ముల్లు కదలకుండానే లోపల ఒకచోట హెడ్డు మాడుతుంది. ఆ లైను ఎక్కడా కిందికి దిగకుండా రేడియేటర్ పై భాగానికి పోవాలి. నీళ్లు నింపేటప్పుడు కారు ముందు భాగం ఎత్తి నింపితే గాలి సులువుగా వచ్చేస్తుంది.

ఏసీ కంప్రెసర్ కింద ఉండే బెల్టు అమరికలు సబ్‌ఫ్రేముకి తగులుతాయి. పైకి ఎత్తే బ్రాకెట్లు తీసుకోండి. కొనే ముందు మీ ఇంజిన్ ముందు పుల్లీ ఏ వరసదో చూడాలి. కార్వెట్ వరస అన్నిటికంటే లోపలికి, 1998–2002 కమారోది దానికి ముప్పావు అంగుళం ముందుకి, ట్రక్కుది అంగుళంన్నర ముందుకి. వరస కలవకపోతే బెల్టు అంచు పీచులు లేస్తుంది.

మొదటిసారి స్టార్ట్ చేసే ముందు పెట్రోల్ పంపు రిలే పీకేసి, ప్లగ్గులు తీసి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది పదిహేను సెకన్లు, మధ్యలో సెల్ఫ్ మోటారుకి విరామం. ముల్లు లేవకపోతే మళ్లీ ఆ ఓ-రింగు దగ్గరికే.

వెనక హౌసింగ్ కూడా ఈ ఖర్చులో భాగమే. ఆరు సిలిండర్ల కమారోల్లోనూ, చిన్న వీ8లోనూ వచ్చిన 8.2 అంగుళాల టెన్-బోల్ట్ హౌసింగ్ పట్టున్న టైర్లతో ఈ టార్కు మోయలేదు. ట్వెల్వ్-బోల్ట్ గానీ ఫోర్డ్ 9 అంగుళాలది గానీ కావాలి. 1967లో వెనక ఒకే పట్టీ కమాన్ ఉండేది. గట్టిగా తొక్కితే అది మెలితిరిగి చక్రాలు గంతులేస్తాయి, కాబట్టి పలు పట్టీల కట్టలు వేసుకోవాలి. నిష్పత్తి 3.73 తీసుకుంటే 26 అంగుళాల టైరుతో గంటకి 70 మైళ్ల దగ్గర ఓవర్‌డ్రైవ్‌లో ఇంజిన్ సుమారు 2,360 తిరుగుతుంది. అదే హౌసింగుతో పాత మూడు గేర్ల టర్బో 350 అయితే 3,370. ఈ వెయ్యి తేడా కోసమే గేర్ బాక్స్ మార్చేది, దూరప్రయాణంలో చెవులకి తెలుస్తుంది. ప్రొపెల్లర్ షాఫ్టు కొలత మాత్రం బండి నాలుగు చక్రాల మీద బరువుతో నిలబడ్డాకే తీయాలి. గేర్ బాక్స్ వాలు, పినియన్ వాలు ఒకదానికొకటి సమాంతరంగా, జాయింట్ల కోణం మూడు డిగ్రీల లోపు. ఇది తప్పితే 60 మైళ్లు దాటాక సీటు కింద వణుకు మొదలవుతుంది, టైరు బ్యాలెన్సింగ్ ఎన్నిసార్లు చేయించినా పోదు.

చేతి గేరు కావాలంటే ట్రెమెక్ ఆరు గేర్ల టీ56 మాగ్నమ్ బలమైనదే, కానీ ఈ కమారోలో టన్నెల్ కోయాల్సిందే. ఐదు గేర్ల టీకేఎక్స్ ఇలాంటి పాత బండ్ల కోసమే సన్నగా చేసినది, 600 పౌండ్-అడుగుల దాకా ఓర్చుకుంటుంది, కోత చాలా తక్కువ. నా ఓటు టీకేఎక్స్‌కే. రెండిటికీ 31 స్ప్లైన్ల యోక్ కావాలి, పాతది పనికిరాదు. బెల్ హౌసింగ్ మధ్య రంధ్రం వంకర డయల్ గేజీతో చూసి 5 థౌ (అంగుళంలో వెయ్యింట ఐదు వంతులు) లోపు ఉందని తేల్చుకోండి. వంకర ఎక్కువైతే గేర్లు పడేటప్పుడు పట్టేస్తాయి, ముందు బేరింగు అరిగిపోతుంది.

డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఉన్న మనవాళ్లకి రాష్ట్రం నిబంధనలు చూసుకుంటే చాలు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు బండ్లకి పొగ పరీక్ష లేదు. హైదరాబాద్, విజయవాడల్లో పాత బండికి వేరే ఇంజిన్ వేద్దామనుకునేవాళ్లు మాత్రం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ముందు చదవాలి. కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం మీద సుప్రీంకోర్టు 2019 జనవరిలో గట్టిగానే చెప్పింది, ఇంజిన్ మార్పు ఆర్సీలో ఎక్కాల్సిందే.

అసలు ఈ పని చేయకూడని కార్లు కూడా ఉన్నాయి. కమారోల్లో అరుదైన రకమైన నిజమైన జెడ్/28, పుట్టు ఇంజిన్‌తో ఉన్న ఎస్ఎస్ అయితే ముట్టుకోవద్దు. ఆరు సిలిండర్లది, రెండు గేర్ల పవర్‌గ్లైడ్‌ది, ఎప్పుడో ఇంజిన్ మారిపోయినది దీనికి తగిన బండి. తీసిన పాత ఇంజిన్‌ని అయినకాడికి అమ్మేయకండి. కుడి హెడ్డు ముందు, బ్లాకు మీద చదునైన చోట నెంబర్లు కొట్టి ఉంటాయి. మీ బండి నెంబరుతో కలిస్తే బోర్లలో ఆయిల్ పోసి, రంధ్రాలన్నీ మూసి, ఆ నెంబరు పట్టీకి గ్రీజు రాసి ఒక మూల భద్రంగా పెట్టండి. ఆ పట్టీని ఇసుక కాగితంతో రుద్దనివ్వకండి.